గైడు ఆగని వీధులు

యూరప్‌లో పాత పట్నాలను కాలినడకన తిప్పి చూపించడం ఒక వృత్తి. గైడు గొడుగు పైకెత్తి పట్టుకొని ముందు నడుస్తాడు. ఇరవై ముప్పై మంది వెనకాల నడుస్తారు. రెండు గంటల్లో ఆ పట్నం చరిత్రంతా వాళ్ళకు అప్పజెప్తాడు. ఏ మూల ఆగాలో, ఏ సందు ముందు నుంచి ఆగకుండా పోవాలో నిర్ణయించేది ఆయనే. ఆగిన చోట చరిత్ర ఉంటుంది. ఆగని చోట ఉండదు. వెనక నడిచేవాళ్ళకు ఆ నిర్ణయం కనపడదు.

స్పెయిన్‌లో కోర్డోబా అనే పట్నం ఉంది. ఉర్దూ చదువుకున్నవాళ్ళకు అది ఖుర్తుబా. 8వ శతాబ్దం చివర అక్కడ కట్టడం మొదలుపెట్టిన మసీదు, 1236లో పట్నం క్రైస్తవ రాజుల చేతికి పోయాక చర్చి అయింది. 16వ శతాబ్దంలో ఆ స్తంభాల నడిబొడ్డున పెద్ద కెథెడ్రల్ లేచింది. 1933లో ఇక్బాల్ దాన్ని చూసి వచ్చి 'మస్జిదె ఖుర్తుబా' రాశారు. 1984లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. దాన్ని కరపత్రాల్లో మసీదు అనాలా, కెథెడ్రల్ అనాలా అని ఈ శతాబ్దంలో కూడా అక్కడ తగాదా నడిచింది. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఒక పేరు కోసం తగాదా పడుతున్నారంటే, పాత పట్నాన్ని చూపించడం వట్టి కాలక్షేపం కాదన్నమాట. ఊరు ఎవరిదో చెప్పే పని అది.

మాకు ఖుర్తుబా దూరం. కర్నూలు, కడప మా ఊళ్ళు. ఈ రెండు పట్నాల పాతబస్తీలలో గొడుగు పట్టుకొని నడిచే గైడు లేడు. అయినా ఒక కథ మాత్రం అందరి నోటా ఉంది. ఆ కథలో మేము ఎక్కడెక్కడ కనపడతామో, ఎక్కడ మాయమవుతామో చూద్దామనే ఈ నడక.

కర్నూలులో ఎవరైనా మొదలుపెట్టేది కొండారెడ్డి బురుజు దగ్గరే. విజయనగర కాలపు కట్టడం. అచ్యుతదేవరాయల నాటిదని చెప్తారు. అలంపురం ఏలిన కొండారెడ్డిని ఇందులో బంధించారు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. 2003లో 'ఒక్కడు' సినిమా వచ్చాక ఈ బురుజు తెలియని తెలుగువాడు లేడు. వచ్చినవాళ్ళు దాని ముందు ఫొటో దిగుతారు, బస్సెక్కుతారు. కర్నూలు చూడడం అయిపోయింది.

కానీ బురుజు అంటే కోటగోడకు మూలన ఉండే భాగం. మరి కోట ఏది? గోడ ఏది? ఆ గోడను 1862లో తెల్లదొరలు కూల్చేశారు. కొన్ని బురుజులు, కొన్ని దర్వాజాలు మిగిలాయి. విజయనగరం తర్వాత బీజాపూర్ వాళ్ళు, ఆ తర్వాత మొఘలుల పేరుమీద వచ్చిన పఠాన్ నవాబులు రెండు వందల ఏళ్ళకు పైగా ఏలింది ఆ గోడ లోపలి నుంచే. బురుజు దగ్గర ఆగి వెనక్కు తిరిగేవాడికి ఆ రెండు వందల ఏళ్ళు కనపడవు. ఎవరూ వాటిని దాచిపెట్టలేదు. అక్కడ ఆగరు, అంతే.

మేము ఆగకుండా ముందుకు నడుస్తాం. ఊరి పేరు దగ్గర్నించే మొదలుపెడదాం. కర్నూలు పాతపేరు కందెనవోలు. అలంపురం గుడి కోసం రాళ్ళు మోసుకుపోయే బండ్లవాళ్ళు తుంగభద్ర దాటేముందు ఇక్కడ ఇరుసులకు కందెన వేసుకొనేవాళ్ళట. కథ నిజమో కాదో గాని, చాలా మంచి కథ. ఇంత పెద్ద పట్నానికి ఏ రాజు పేరూ రాలేదు, బండి తోలేవాళ్ళ పని పేరు వచ్చింది. మా నడకకు ఇదే సరైన గుర్తు. రాజుల వెంట పోతే దారి తప్పుతాం. పనివాళ్ళ వెంట పోవాలి.

షరాఫ్ బజారు. సరాఫ్ అంటే అరబ్బీలో డబ్బు మార్చేవాడు. వెండి బంగారాలు తూచేవాడు. ఆ దుకాణాలలో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు కారు. అయినా బజారు పేరు అరబ్బీది. మించిన్ బజారు. ఇది తెల్లవాడి పేరు. ఖడక్‌పుర, చిత్తారి వీధి, బుధవారపేట, బండిమెట్ట. ఒక పేరు ఉర్దూ, ఒక పేరు తెలుగు. ఒక వీధి మలుపు తిరిగేలోపల భాష మారుతుంది. ఇంట్లో మాట్లాడే మా తురకం కూడా ఇంతే. క్రియ ఉర్దూది, కూర పేరు తెలుగుది. లక్నో నుంచి వచ్చినవాడు మా ఉర్దూ విని నవ్వుతాడు. కోస్తా నుంచి వచ్చినవాడు మా తెలుగు విని నవ్వుతాడు. ఈ వీధుల్లో మాత్రం ఎవరూ నవ్వరు.

ఇక్కడి నుంచి హంద్రీ ఒడ్డుకు పోతే అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. జనం గోల్ గుంబజ్ అంటారు. గుమ్మటాలు, కమానులు, చుట్టూ వసారాలు. 1618 నాటిది. అబ్దుల్ వహాబ్ హబ్షీ. అంటే ఆఫ్రికా మనిషి. అబిసీనియా మూలం ఉన్నవాడు బీజాపూర్ సుల్తానుల కొలువులో పైకెదిగి కర్నూలుకు అధికారిగా వచ్చాడు. నల్లటి మనిషి ఒకడు నాలుగు వందల ఏళ్ళ కింద ఈ ఊరిని ఏలాడని, ఇక్కడే మట్టిలో కలిశాడని మన బడిపిల్లలకు ఎవరైనా చెప్పారా?

వాళ్ళకు చెప్పేది వేరే. ఒకసారి మేము అక్కడ ఉండగా ఒక బడి నుంచి పిల్లలను తీసుకొచ్చారు. వెంట వచ్చిన మాస్టారు రెండు ముక్కల్లో ముగించాడు. "ఇది తురక రాజు గోరీ. వాళ్ళు వచ్చి మన గుళ్ళు పడగొట్టారు." తర్వాత పిల్లలను వరసలో నిలబెట్టి తీసుకుపోయాడు. ఆ వరసలో మా పేట పిల్లలూ ఉన్నారు. 'వాళ్ళు', 'మన' అనే రెండు మాటల మధ్య తాము ఏ పక్కన నిలబడాలో ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

గుళ్ళ మాట దాటేయడం మా ఉద్దేశం కాదు. అబ్దుల్ వహాబ్ గుళ్ళను మసీదులుగా మార్చాడని తెల్లదొరలు రాసిన గెజిటీర్లలో ఉంది. మార్చి ఉంటే అది తప్పే. ఆనాటి రాజులకు అది మామూలే అని తేల్చేయడం మాకిష్టం లేదు. గుడి పోగొట్టుకున్నవాడి బాధ ఏమిటో 1992 డిసెంబరు 6 తర్వాత మాకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు. మేమడిగేది ఒకటే. ఆ హబ్షీ అధికారి చేసినదానికి, హంద్రీ ఒడ్డున దూది ఏకుకొని బతికిన మా ముత్తాత ఎట్లా జవాబుదారీ అవుతాడు? ఆ వీధిలోని చెప్పులు కుట్టే మనిషి ఏ రాజు చేసినదానికీ జవాబు చెప్పడం లేదు కదా. మేమెందుకు చెప్పాలి?

నిజానికి ఆ నవాబుల కొట్లాటలు మతం కోసం జరిగినవి కావు. 1750 డిసెంబరులో హైదరాబాద్ పాలకుడు నాసిర్ జంగ్ హత్యకు కారణమైన కుట్రలో కర్నూలు, కడప, సవనూరు పఠాన్ నవాబులు ఉన్నారు. ఆయన స్థానంలోకి వచ్చిన ముజఫర్ జంగ్‌తో కూడా వాళ్ళకు పొసగలేదు. 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర జరిగిన పోరులో ముజఫర్ జంగ్ చచ్చాడు, కర్నూలు నవాబూ చచ్చాడు. ఆ వెంటనే ఫ్రెంచివాళ్ళ సైన్యం కర్నూలు కోట మీద పడింది. చంపినవాడూ ముస్లిమే, చచ్చినవాడూ ముస్లిమే, కోట కింద నలిగిన రైతుకు ఇద్దరిలో ఎవరు గెలిచినా కట్టే పన్ను ఒకటే. దీన్ని హిందూ ముస్లిం యుద్ధంగా చెప్పేవాళ్ళకు ఈ 1751 ఎక్కడ పెట్టాలో తెలియదు. అందుకే వదిలేస్తారు.

వదిలేసినది మరొకటి ఉంది. దానికోసం జొహరాపురం దాకా నడవాలి. 1839 అక్టోబరులో కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ మనుషులకు, కంపెనీ సైన్యానికి అక్కడ పోరు జరిగింది. నవాబు కోటలో, మహల్లో ఫిరంగులు, మందుగుండు దాచాడని, కంపెనీ మీద కుట్ర పన్నుతున్నాడని అభియోగం. ఓడిపోయాడు. పట్టుకుపోయి తిరుచిరాపల్లిలో ఉంచారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. రాజ్యం కంపెనీ పరమైంది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడింది.

ఇది జరిగిన ఏడేళ్ళకు, 1846లో, ఇదే సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీ మీద తిరగబడ్డాడు. 1847లో కోవెలకుంట్లలో ఆయనను ఉరితీశారు. ఆయనకు పాటలున్నాయి. 2019లో సినిమా వచ్చింది. 2021లో ఓర్వకల్లులో తెరిచిన విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. పెట్టవలసిందే. మాకు అసూయ లేదు. ఆయన మాకూ వీరుడే. కానీ ఏడేళ్ళ ముందు అదే కంపెనీతో పోరాడినవాడి పేరు జొహరాపురం దారిన పోయే కాలేజీ పిల్లవాణ్ణి అడిగితే చెప్పగలడా? గులాం రసూల్ ఖాన్ మహాత్ముడని మేమనడం లేదు. ఆ నవాబులు ఎంత దుబారా మనుషులో మాకు తెలుసు. అయినా నరసింహారెడ్డి కూడా తనకు రావలసిన భరణం దగ్గర్నించే కదా కంపెనీతో తగువు మొదలుపెట్టింది. ఒకరి ఆగ్రహం దేశభక్తిగా, ఇంకొకరిది కుట్రగా ఎందుకు మిగిలిందో ఆలోచించమంటున్నాం. 'కుట్ర' అన్న మాట కంపెనీ దొరలది. దొరలు పోయారు గాని మాట పోలేదు.

పాతబస్తీకి వెనక్కు వస్తే రెండు జ్ఞాపకాలు అందరివీ. ఒకటి 1953 అక్టోబరు 1. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. గుడారాలలో ఆఫీసులు నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. రెండోది 2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరిమీద పడ్డాయి. కరువు సీమలో వరద. పాతబస్తీ ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు గుడి మెట్లూ ఎక్కాయి, మసీదు మెట్లూ ఎక్కాయి. బురదలోంచి తడిసిన పుస్తకాలు, పెళ్ళి చీరలు, భూమి కాగితాలు ఎత్తి ఎండలో ఆరబెట్టుకున్నప్పుడు ఎవరి గోడ ఎవరిదని ఎవరూ అడగలేదు. ఊరంటే అదీ.

ఇంకొక చోటు చూసి కర్నూలు వదులుదాం. ఉస్మానియా కాలేజీ. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ స్థాపించారు. ఆ సంవత్సరం గుర్తుంచుకోండి. దేశం రెండు ముక్కలై, ముస్లింలు ఎటు పోతారో అని అందరూ మా మొహాలు చూస్తున్న ఏడు. ఆ ఏడు కర్నూలు ముస్లింలు సామాను సర్దుకోలేదు. కాలేజీ కట్టుకున్నారు. ఏ ఊళ్ళోనైనా బడి కట్టేవాడు ఆ ఊళ్ళో ఉండిపోదామనుకున్నవాడే. ఆ కాలేజీలో అన్ని కులాల, మతాల పిల్లలు చదువుకున్నారు. ఆయన పేరుమీద 2016లో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. మమ్మల్ని దేశభక్తి రుజువు చేసుకోమనేవాళ్ళకు మేము చూపించేది ఏ జెండానో కాదు, ఆ 1947 అనే అంకె.

కర్నూలు నుంచి కడపకు మమ్మల్ని తీసుకుపోయేది నీళ్ళు. కర్నూలు-కడప కాలువ. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. పొలాలకు నీళ్ళతో పాటు పడవలకు దారి అన్నారు. సుంకేసుల దగ్గర తుంగభద్రను ఆపి కడప దాకా మళ్ళించారు. కంపెనీకి లాభం రాలేదు. 1882లో సర్కారు కొనేసింది. ఇప్పటికీ ఆ నీళ్ళ కోసం సీమ రైతు ఎదురు చూస్తాడు. జనం నోట అది కె.సి. కెనాల్. రెండు ఊళ్ళ పేర్లూ మొదటి అక్షరాలుగా మిగిలి ఒకే కాలువలో పారుతున్నాయి.

కడపలో నడక కాళ్ళ కింద నుంచే మొదలవుతుంది. ఆ నల్లటి నాపరాయికి ప్రపంచమంతా కడప బండ అనే పేరు. గుడి మండపంలో అదే, మసీదు సహన్‌లో అదే. దుకాణం గల్లా కిందా అదే, మా ఖబరస్తాన్‌లో గోరీల మీదా అదే. రాయికి మతం పట్టలేదు.

17వ శతాబ్దంలో గోల్కొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ పేరుమీద ఈ ఊరికి నేక్‌నామాబాద్ అనే పేరు కొంతకాలం నడిచింది. ఆ పేరు పోయింది, కడప మిగిలింది. మేమేమీ బాధపడడం లేదు. జనం నోట నిలవని పేరు ఎవరిదైనా పోతుంది. మయానా పఠాన్ నవాబుల రాజ్యం కూడా పోయింది. 1779లో హైదర్ అలీ వచ్చి చివరి నవాబు హలీం ఖాన్‌ను సిద్ధవటంలో లొంగదీసుకొని శ్రీరంగపట్నం తీసుకుపోయాడు. ఆ హైదర్ భార్య, టిపు సుల్తాన్ తల్లి ఫక్రున్నీసా కడప కోట అధికారి మీర్ మొయినుద్దీన్ కూతురు. టిపు గురించి దేశమంతా కొట్లాడుకుంటారు. ఆయన తల్లి మా కడప ఆడబిడ్డ అని ఎంతమందికి తెలుసు? గైడ్ల కథల్లో ముస్లిం మగవాళ్ళు కత్తులతో కనపడతారు. ముస్లిం ఆడవాళ్ళు అసలే కనపడరు.

నవాబుల పేర్లు జనం మర్చిపోయారు. అమీన్ పీర్ దర్గాను మర్చిపోలేదు. జనానికి అది పెద్ద దర్గా. 17వ శతాబ్దం చివర బీదర్ వైపు నుంచి వచ్చిన పీరుల్లా హుసేనీతో మొదలైన పరంపర. ఎ.ఆర్.రహ్మాన్ వస్తాడు కాబట్టి పత్రికల్లో పడుతుంది. రహ్మాన్ రాకముందు కూడా, జ్వరం తగ్గని బిడ్డను చంకనేసుకొని బేస్తవారం పూట పల్లె నుంచి వచ్చే తల్లులు ఉన్నారు. వాళ్ళలో ముస్లింలు కొందరే. ఆ తల్లిని నీ మతమేదని ఎవరూ అడగరు.

ఈ జిల్లాలోనే ముడుమాలలో దూదేకుల సిద్ధయ్య మఠం ఉంది. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు. కొడుకు చేయి దాటిపోయాడని సిద్ధయ్య తల్లిదండ్రులు నవాబు దగ్గర మొర పెట్టుకున్నారట. నవాబు పిలిపించాడట. గురువుకు పెట్టే దండం ఇంకెవరూ తట్టుకోలేరని సిద్ధయ్య ఒక బండకు దండం పెడితే అది పగిలిందట. ఈ కథను హిందువులు ఒక రకంగా చెప్తారు, మావాళ్ళు ఇంకో రకంగా చెప్తారు. మాకు కనపడేది మూడోది. నవాబూ ముస్లిమే, సిద్ధయ్యా ముస్లిమే. ఒకడు గద్దె మీద, ఒకడు దూది వింటితో వీధిలో. మూడు వందల ఏళ్ళుగా సీమ జనం ఎవరిని గుండెల్లో పెట్టుకున్నారు? సిద్ధయ్యను. ఇది మావాళ్ళలో కొందరు అష్రాఫ్‌లు కూడా వినాలి. దూదేకులవాళ్ళను సగం ముస్లింలుగా చూసే చూపు మనలో పోనిదే, మమ్మల్ని సగం భారతీయులుగా చూడొద్దని ఇతరులను అడిగే నోరు మనకుండదు.

నడక చివర రెండు చోట్లు. మొదటిది బ్రౌన్ గ్రంథాలయం. సి.పి.బ్రౌన్ నివసించిన బంగళా శిథిలాల చోట కట్టారు. వేమనను వెలికితీసిన దొరగా, నిఘంటువు కూర్చిన దొరగా ఆయనను తలుచుకుంటాం. ఆయన ఇంకో నిఘంటువు కూడా వేశారు, 1854లో. తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాలకు ప్రత్యేకంగా కూర్చిన మిశ్రభాషా నిఘంటువు అది. కచేరీలో, బజారులో జనం ఏ మాట వాడుతున్నారో ఆ దొర చెవులొగ్గి విన్నాడు. మన పండితులు చాలామంది ఆ మాటలను మైలగా చూశారు. కానీ చూడండి. దుకాణం, కుర్చీ, జవాబు, ఖరీదు, వకీలు, జిల్లా, ఇవన్నీ ఆ దారినే వచ్చాయి. ఆఖరికి 'రైతు' కూడా అరబ్బీ నుంచి వచ్చిన మాటే. ఈ మాటలను ఏరి బయట పారేస్తే, తెలుగువాడు తన పొలం గురించి తాసిల్దారుకు అర్జీ కూడా రాసుకోలేడు. మమ్మల్ని బయటివాళ్ళంటారు. మా మాటలు మాత్రం మీ నోట్లో కాపురముంటున్నాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. మంచిదే. కానీ వీధి ఆ పని ఎప్పుడో చేసింది.

రెండోది దేవుని కడప. తిరుమలకు గడప కాబట్టి కడప అయిందంటారు. అక్కడ వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాదినాడు ముస్లింలు వస్తారు. కొబ్బరికాయ, పూలు, బెల్లం, చింతపండు పట్టుకొని. బీబీ నాంచారి మా ఇంటి ఆడపడుచు, కాబట్టి స్వామి మా అల్లుడు అంటారు. పండగపూట అల్లుడిని చూడ్డానికి పోకుండా ఎట్లా? మావాళ్ళలో కొందరు పెద్దలు ఇది తప్పంటారు. అటువైపు కొందరికి ఈ చుట్టరికం మరీ కంటగింపు. ఆ ముసలాయనకు మాత్రం ఈ ఇద్దరి మాటా వినపడదు. టోపీ సర్దుకొని వరసలో నిలబడతాడు.

ఇదంతా చెప్పి, చూశారా ఎంత కలిసిమెలిసి ఉన్నామో అని ముగించడం సులభం. సర్కారు సభల్లో అట్లాగే ముగిస్తారు. మాకది చాలదు. ఉగాదినాడు అల్లుడి వరస కలుపుకున్న ఊళ్ళోనే, మిగతా రోజుల్లో మా పేరు చెప్తే కిరాయికి ఇల్లు దొరకడం కష్టం. క్రికెట్ మ్యాచి రోజు మా వీధివైపు వేలు చూపించేవాళ్ళూ ఈ ఊళ్ళోనే ఉన్నారు. పాత ప్రేమ నిజమే, కొత్త అనుమానమూ నిజమే. అనుమానాన్ని పెంచేది మాత్రం చాలావరకు ఆ రెండు ముక్కల చరిత్రే. గోరీ దగ్గర ఆగి "వాళ్ళు" అని చెప్పి, కాలేజీ ముందు నుంచి, చిత్తారి వీధి నుంచి, సిద్ధయ్య మఠం దారి నుంచి ఆగకుండా నడిచిపోయే చరిత్ర.

కాబట్టి మేము అడిగేది కొత్త కట్టడాలు కాదు. నవాబులకు విగ్రహాలు అసలే వద్దు. ఆ నవాబుల వారసులం కాము మేము. దూదేకినవాళ్ళకు, బండి తోలినవాళ్ళకు, చర్మం ఊనినవాళ్ళకు, కచేరీలో గుమాస్తాగిరీ చేసినవాళ్ళకు వారసులం. మా పిల్లలతో పాటు మీ పిల్లలను కూడా ఒక ఆదివారం పొద్దున ఈ వీధుల్లో నడిపించండి. బురుజు దగ్గర ఆగండి. గుంబజ్ దగ్గర కూడా ఆగి, అక్కడ పడుకున్న మనిషి ఏ ఖండం నుంచి వచ్చిందీ చెప్పండి, చేశాడన్న తప్పూ చెప్పండి. జొహరాపురంలో ఆగండి. ఉస్మానియా కాలేజీ గేటు దగ్గర 1947 అని గట్టిగా చెప్పండి. దేవుని కడపలో వరస ఎందుకు కలిసిందో చెప్పండి.

ఇది మీరు మాకు చేసే దయ కాదు. మా హక్కు. ఆ మాట కూడా అరబ్బీ నుంచే వచ్చింది. ఇప్పుడది తెలుగు మాట.